రక్తం వెళ్లే దారి, డబ్బు వచ్చే దారి

పరిశోధన ఫైలు ఏది చేతికొచ్చినా నేను వెనక పేజీల నుంచి మొదలుపెడతాను. అక్కడ బడ్జెట్ ఉంటుంది. ముందు పేజీల్లో ఆశయాలు, మధ్యలో పద్ధతులు, చివర డబ్బు. ఎవరు ఏం చేయదలుచుకున్నారో ఆశయాల్లో రాస్తారు, నిజంగా ఏం చేయబోతున్నారో బడ్జెట్‌లో తెలుస్తుంది. జీవితమంతా బ్యాంకులో అప్పు కాగితాలు చదివి రిటైరైనవాణ్ని, ఆ అలవాటు పోలేదు.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో నేను సామాన్య సభ్యుణ్ని. అంటే డాక్టరునీ కాదు, లాయరునీ కాదు, సైంటిస్టునీ కాదు. అలాంటివాడు ఒకడు తప్పనిసరిగా ఉండాలని రూలు. మనుషుల మీద ఏ వైద్య పరిశోధన చేయాలన్నా ముందు ఇలాంటి కమిటీ ఒప్పుకోవాలి. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురుండాలి. సగం మందైనా ఆ ఆసుపత్రితో సంబంధం లేనివాళ్లు కావాలి, చైర్మన్ బయటివారై ఉండాలి. మందుల ట్రయల్ ఫైలు మీద నిర్ణయం తీసుకోవాలంటే కనీసం ఐదుగురు హాజరు కావాలి, ఆ ఐదుగురిలో సామాన్యుడు ఒకడు. నేను వెళ్లకపోతే, బదులు మరో సామాన్యుడు లేకపోతే ఆ మీటింగు చెల్లదు. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ నమ్మలేదు.

మా ముందుకొచ్చే ఫైళ్లలో నాకు ఎక్కువ పని పెట్టేవి విదేశాలతో కలిసి చేసేవి. మన దగ్గర రక్తం తీస్తారు, పరీక్ష అమెరికాలోనో ఇంగ్లండులోనో జరుగుతుంది, డబ్బు అక్కడి నుంచి వస్తుంది. రక్తమే కాదు, మూత్రం, ఉమ్మి, ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్క, కిడ్నీ బయాప్సీ చేసినప్పుడు సూదిలో వచ్చే దారమంత కండ, ఇవన్నీ నమూనాల కిందికే వస్తాయి. డీఎన్‌ఏ కోసమైతే సాధారణంగా ఊదా రంగు మూత ఉన్న చిన్న ట్యూబులో రక్తం తీస్తారు. గడ్డకట్టకుండా అందులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. దానిమీద పేరు రాయరు, ఒక కోడ్ నంబరు అంటిస్తారు. ఆ కోడ్ ఎవరిదో చెప్పే పుస్తకం ఇక్కడే తాళం వేసి ఉండాలి. తర్వాత ట్యూబు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి థర్మాకోల్ పెట్టెలో, డ్రై ఐస్ ముక్కల మధ్య, బయట యూఎన్ 3373 అని రాసిన డైమండ్ ఆకారపు లేబుల్ అంటించుకుని విమానం ఎక్కుతుంది. డ్రై ఐస్ ఆవిరైపోతే లోపలున్నది పనికిరాదు కాబట్టి దారిలో మళ్లీ ఐస్ నింపే కొరియర్‌ను పెట్టుకోవాలి. అది ఖరీదైన పని. బడ్జెట్‌లో ఆ పద్దు ఎప్పుడూ మరిచిపోరు.

అసలు మన రక్తం దేశం దాటాల్సిన అవసరం ఏమిటని చాలామంది అడుగుతారు. దీనికి నా సమాధానం ఉద్దానం.

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ప్రాంతమే ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చదనం చూస్తే ఇక్కడ జబ్బు ఉందని ఎవరూ అనుకోరు. సర్వీసులో కొంతకాలం ఆ ప్రాంతపు బ్రాంచిలో మేనేజర్‌గా చేశాను. కూతురి పెళ్లికని వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరకముందే రద్దు చేయమని వచ్చేవారు. కారణం అడగాల్సిన పని ఉండేది కాదు. చేతిలో ల్యాబ్ రిపోర్టు ఉండేది, అందులో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉండేది. బీపీ లేదు, షుగర్ లేదు, తోట పని చేసుకునే నలభై ఏళ్ల మనిషి. కిడ్నీలు చాలావరకు పాడయ్యేదాకా ఒంట్లో ఏ బాధా తెలియదు. 2019, 2020ల్లో వెలువడిన సర్వేల్లో అక్కడి పెద్దవాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి కిడ్నీ పనితీరు తగ్గినట్టు తేలింది. వారిలో ఎక్కువమందికి తెలిసిన కారణం ఏదీ లేదు. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పని అన్నారు, జన్యువులన్నారు. ఇంతవరకు ఇదీ కారణమని తేలలేదు.

ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు వస్తోంది. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో కూలీలకు వస్తోంది. వాళ్ల నీళ్లు వేరు, తిండి వేరు, పంట వేరు. మూడు చోట్ల కిడ్నీ కండను, మూత్రాన్ని, డీఎన్‌ఏను ఒకే యంత్రం మీద, ఒకే పద్ధతిలో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఉమ్మడి కారణమేదో తేలేట్టు లేదు. కాబట్టి నమూనాలు సరిహద్దు దాటడం నాకు అభ్యంతరం కాదు, దాటాలి కూడా.

కానీ ఉద్దానం వెళ్లి రక్తం అడిగి చూడండి. ఒక ముసలాయన నాతో అన్న మాట ఇది: "ఎన్నిపాలి తీసీసినారు బాబూ మా రగతం. వొచ్చినోడల్లా తీసుకెల్లిపోనాడు. ఏటైనాదో ఒక్కడూ సెప్పనేదు." వచ్చినవాళ్లంతా ఏదో ఒక కమిటీ అనుమతితో వచ్చినవాళ్లే అయి ఉంటారు. కాగితం మీద లోటు ఉండి ఉండదు. మరి లోటు ఎక్కడ?

అది చెప్పాలంటే అనుమతులు ఎలా వస్తాయో కాస్త చెప్పాలి. విదేశీ సంస్థ డబ్బు ఇస్తూ, దాని శాస్త్రవేత్తలూ పాలుపంచుకుంటే ఒక ఎథిక్స్ కమిటీ అనుమతి చాలదు. ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకీలో చేసిన ప్రకటనే ఈ రంగానికి మూల గ్రంథం. 2024లో దాన్ని సవరించినప్పుడు, డబ్బిచ్చే దేశంలోనూ పరిశోధన జరిగే దేశంలోనూ రెండు చోట్లా కమిటీలు ఒప్పుకోవాలని స్పష్టంగా రాశారు. హార్వర్డ్ కమిటీ సరేనంది కదా అని మేం కళ్లు మూసుకుని సంతకం పెట్టకూడదు. మేం ఒప్పుకున్నాం కదా అని వాళ్లూ పెట్టకూడదు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ డబ్బయితే మన ఆసుపత్రి ఫెడరల్‌వైడ్ అష్యూరెన్స్ అనే హామీపత్రాన్ని అక్కడి ఆరోగ్యశాఖకు ముందే రాసివ్వాలి.

ఆ పైన ఢిల్లీ మెట్టు ఉంది. విదేశీ సహకారంతో జరిగే ఆరోగ్య పరిశోధనల్ని కేంద్ర ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ చూడాలి. దాని వ్యవహారమంతా భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, నడుపుతుంది. ఏ నమూనా, ఎంత, ఎక్కడికి, ఎందుకు ఇక్కడ పరీక్ష చేయలేరు, పని అయ్యాక మిగిలింది ఏం చేస్తారు అని అడుగుతారు. ఇచ్చే సంస్థకూ పుచ్చుకునే సంస్థకూ మధ్య మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ అనే ఒప్పందం ఉండాలి. ఫైలులో బడ్జెట్ తర్వాత నేను చదివేది దాన్నే. మిగిలిన నమూనా మూడో సంస్థకు ఇవ్వవచ్చా, దాన్నుంచి పేటెంట్ వస్తే ఎవరిది, వ్యాసంలో మన డాక్టర్ల పేర్లు ఎక్కడుంటాయి, అన్నీ అందులోనే ఉంటాయి. లేదా ఉండవు.

ఒక వింత కూడా చెప్పాలి. 2016 ఆగస్టులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఒక ప్రకటన ఇచ్చింది. వ్యాపార అవసరాల కోసం విదేశాలకు వెళ్లే మానవ నమూనాలకు ఐసీఎంఆర్ నిరభ్యంతర పత్రం ఇక అక్కర్లేదని దాని సారాంశం. అంటే ఉద్దానం రైతు రక్తం యూనివర్సిటీకి పరిశోధన కోసం వెళ్లాలంటే ఢిల్లీ కమిటీ ముందు నెలల తరబడి కూర్చోవాలి. అదే రక్తం వ్యాపార పరీక్ష పేరుతో ప్రైవేటు ల్యాబుకు వెళ్లాలంటే దారి తేలిక. ఈ తేడాలో తర్కం ఏమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఇక డబ్బు. విదేశీ గ్రాంటు ఒక స్వచ్ఛంద సంస్థకో ట్రస్టు ఆసుపత్రికో వస్తే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, వర్తిస్తుంది. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు దేశంలో ఎక్కడున్న సంస్థకైనా ముందు న్యూఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఇదివరకు 50 దాకా ఉండేది. ఇవి సర్దుకోగలిగినవే. అసలు దెబ్బ మూడోది. ఒకరికి వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదలాయించకూడదు. విశాఖలోని ట్రస్టు ఆసుపత్రికి గ్రాంటు వచ్చిందనుకోండి, ఊళ్లో ఇంటింటికీ తిరిగి మాట్లాడగలిగిన సోంపేట సేవా సంస్థకు అందులోంచి వాటా ఇవ్వడానికి వీల్లేదు. ఆ సంస్థకూ ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. చట్టం చేసినవారి ఉద్దేశం లెక్కలు చక్కగా ఉండాలని. జరిగింది మాత్రం ఊరితో సంబంధమున్నవాళ్లు పరిశోధనకు దూరం కావడం. మందుల కంపెనీ ట్రయల్ కోసం ఇచ్చే ఫీజును సేవకు ప్రతిఫలంగా చూస్తారు, అది విరాళం కిందికి రాదు.

అన్ని విదేశీ డబ్బులూ ఒక్కలాంటివి కావు. లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు, మన కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2008లో పెట్టిన ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. డబ్బు రెండు దేశాలదీ, ఎంపిక ఇక్కడ. అలాంటిచోట ప్రశ్న అడిగితే జవాబు వస్తుంది. దూరాన ఉన్న ఏజెన్సీని అడగాలంటే మన డాక్టర్లే జంకుతారు. గ్రాంటు పోతుందేమోనని భయం.

డబ్బూ అనుమతీ వేర్వేరు దారుల్లో వచ్చి ఎక్కడా కలవకపోతే ఏమవుతుందో చెప్పడానికి నాగాలాండ్ ఉదంతం ఉంది. మయన్మార్ సరిహద్దు దగ్గర మిమి అనే ఊళ్లో ఒక తెగవాళ్లు తరతరాలుగా ఏటా గుహలోని గబ్బిలాలను వేటాడతారు. వాళ్ల రక్తంలో ఎబోలా కుటుంబపు వైరస్‌లను గుర్తించే యాంటీబాడీలు ఉన్నాయేమోనని బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ శాస్త్రవేత్తలు పరిశీలించారు. 85 మంది రక్తం ఇచ్చారు. 2019 అక్టోబరులో వ్యాసం అచ్చయింది. సింగపూర్ సంస్థ, అమెరికా సైనిక వైద్య విశ్వవిద్యాలయం, వూహాన్ వైరాలజీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పేర్లు రచయితల్లో ఉన్నాయి. నిధులిచ్చినవారిలో అమెరికా రక్షణ శాఖ విభాగం ఒకటి. ఐసీఎంఆర్ దర్యాప్తు చేయిస్తోందని 2020 ఫిబ్రవరిలో పత్రికల్లో వచ్చింది. వూహాన్ వాళ్లు పరీక్ష రసాయనాలు ఇచ్చినందుకే వారి పేర్లు వేశామనీ, నమూనాలేవీ వూహాన్‌కు వెళ్లలేదనీ బెంగళూరు సంస్థ జవాబిచ్చింది. సైన్సు పరంగా అది విలువైన పనే. గబ్బిలం నుంచి మనిషికి ఏం వస్తోందో ముందే కనిపెట్టడం ఎంత అవసరమో ఆ మరుసటి నెలల్లోనే లోకమంతా చూసింది. కానీ ఎవరి డబ్బు, ఎవరి అనుమతి అనే ప్రశ్న వ్యాసం అచ్చయ్యాక పుట్టకూడదు. అప్పటికి రక్తమిచ్చిన 85 మందిని మళ్లీ అడిగే వీలుండదు.

మన దగ్గర ఇంతకంటే పెద్దది జరిగింది, అది నమూనాల సంగతి కాకపోయినా. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. నడిపింది పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు కంపెనీ ఉచితంగా ఇచ్చింది, ఐసీఎంఆర్, రాష్ట్ర ఆరోగ్యశాఖ తోడున్నాయి. 'డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్' అని పేరు పెట్టారు. ట్రయల్ అనలేదు కాబట్టి ట్రయల్‌కు ఉండే జాగ్రత్తలు అన్నీ పాటించలేదు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ అదే విచారణలో సమ్మతి పత్రాలు బయటికి తీశారు. రాష్ట్రంలో చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌నూ ప్రభుత్వ సంస్థల్నీ కలిపి గట్టిగా తప్పుపట్టింది, పాత్ ఆ నిర్ధారణల్ని అంగీకరించలేదు.

హాస్టల్ వార్డెన్ సంతకం గురించి నేను ఎంతో ఆలోచించాను. ఆ వార్డెన్‌లో దురుద్దేశం వెతకనక్కర్లేదు. పైనుంచి ఆర్డరు వచ్చింది, గడువు ఉంది, తల్లిదండ్రులు కొండ మీద ఊళ్లో ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లడానికి జీపు కావాలి, కోయ మాట్లాడే మనిషి కావాలి, ఇంటికి ఒక గంట కావాలి. వీటన్నిటికీ డబ్బు పెట్టినట్టు లేదు. టీకాకు చల్లదనం చెడకుండా చూసే ఏర్పాటుకు పెట్టి ఉంటారు, సమ్మతికి పెట్టినట్టు లేదు. క్యాన్సర్‌ను ఆపగలిగిన మంచి టీకా పేరు చెబితే భద్రాచలం వైపు భయం పుట్టడానికి ఆ పొదుపు కారణమని నా అభిప్రాయం.

సమ్మతి సరిగ్గా తీసుకున్నా గొడవ తీరదు. దేనికోసం తీసుకున్నారన్నది ఇంకో ప్రశ్న. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున హవాసుపాయ్ అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. వాళ్ల ఊరికి రోడ్డు లేదు, ఉత్తరాలు కంచర గాడిదల మీద వెళ్తాయి. షుగర్ వ్యాధి వాళ్లను పీడిస్తుంటే 1990 తర్వాత అరిజోనా స్టేట్ యూనివర్సిటీవాళ్లు వచ్చి, కారణం కనుక్కుంటామని రక్తం తీసుకున్నారు. ఆ రక్తంతోనే మానసిక జబ్బుల మీద, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారన్న దాని మీద కూడా పరిశోధనలు చేశారు. తాము ఆ లోయలోనే పుట్టామన్నది ఆ తెగ నమ్మకం. యూనివర్సిటీలో ఒక సిద్ధాంత వ్యాసం చర్చకు వచ్చిన రోజున ఆ తెగ అమ్మాయి ఒకరు లేచి, దీనికి మా అనుమతి ఉందా అని అడిగేదాకా ఊరికి విషయం తెలియదు. కేసు నడిచింది. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఇచ్చేసింది.

మన ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో నాకు బాగా నచ్చుతాయి. నమూనాకు యజమాని ఇచ్చినవాడే, ఆసుపత్రీ, నమూనాలు దాచే బయోబ్యాంకూ కేవలం సంరక్షకులు అని అవి చెబుతాయి. బ్యాంకు లాకర్‌లాగే అన్నమాట: గది మాది, నగలు మీవి. ఆ యజమాని ఎప్పుడైనా ఇక చాలు, నా రక్తం వాడొద్దు అనవచ్చు. ఫారంలో గళ్లు విడివిడిగా ఉండవచ్చు. ఈ జబ్బు పరిశోధనకు మాత్రమే ఒప్పుకుంటాను, తర్వాత వచ్చే వేరే పరిశోధనలకూ ఒప్పుకుంటాను, వాడే ముందు నన్ను మళ్లీ అడగాలి, విదేశానికి పంపవద్దు, ఇలా ఒక్కొక్క దానికి టిక్కు పెట్టవచ్చు. మా దగ్గరికి మాత్రం తరచూ అన్నిటికీ కలిపి ఒకే గడి ఉన్న ఫారాలే వస్తుంటాయి. వెనక్కి పంపుతుంటాం.

అన్నీ చెడ్డ కథలే చెబితే అన్యాయం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్, తంగరాజ్ దశాబ్దాలపాటు వందల సమూహాల నుంచి డీఎన్‌ఏ సేకరించారు. దాని ఆధారంగా హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో నేచర్ పత్రికలో భారతీయుల పూర్వ చరిత్ర మీద ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. 25 సమూహాలు, 132 మంది. తొలి ఫలితాలు పట్టుకుని రైక్ 2008 అక్టోబరులో హైదరాబాద్ వచ్చినప్పుడు వాటిని వర్ణించిన తీరుకు మనవాళ్లు అభ్యంతరం చెప్పారని, తన శాస్త్ర జీవితంలో అంత ఉద్విగ్నమైన రోజు లేదని ఆయనే తర్వాత పుస్తకంలో రాసుకున్నారు. చివరికి పూర్వీకుల సమూహాలకు ఇద్దరికీ సమ్మతమైన పేర్లు పెట్టి ముందుకెళ్లారు. నమూనాలు సీసీఎంబీ చేతిలో ఉన్నాయి కాబట్టే అక్కడ మన మాటకు విలువ ఉంది. 2017లో వాళ్లే మళ్లీ, కొన్ని సమూహాలు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల అరుదైన జన్యు లోపాలు పోగుపడ్డాయని చూపించారు. వారు ఎత్తిచూపిన వాటిలో మన వైశ్యులు ఒకరు. వారిలో కొందరికి సక్సినైల్ కోలిన్ అనే మత్తు సంబంధిత మందు ఇస్తే, నిమిషాల్లో తిరిగి రావాల్సిన కండరాల కదలిక గంటల తరబడి రాదు. మన మత్తు డాక్టర్లకు ఇది అనుభవంలో తెలిసిన సంగతే. ఆపరేషన్‌కు ముందు ఒక్క ప్రశ్న, ఒక రక్త పరీక్షతో ప్రమాదం తప్పుతుంది. ఇలా ఉపయోగపడే ఫలితం ఉన్నప్పుడు అది రక్తమిచ్చిన ఇళ్లకు చేరాలి కదా.

నా అసలు గొడవ ఇక్కడే. విదేశీ నిధులతో కిడ్నీ జబ్బు మీద ఒక ఫైలు వచ్చింది. ఫ్రీజర్‌కు లక్షలు, కొరియర్‌కు లక్షలు, సాఫ్ట్‌వేర్‌కు, విదేశీ సమావేశాలకు వేర్వేరు పద్దులు. ఫలితాలు పాల్గొన్నవారికి తెలియజేస్తామని సమ్మతి పత్రంలో ముచ్చటగా రాసి ఉంది. బడ్జెట్‌లో దానికి గీత లేదు. పరిశోధకురాలు చిన్న వయసు డాక్టరమ్మ, తెలివైనది.

"ఫలితం ఎలా తెలియజేస్తారమ్మా?" అన్నాను.

"జర్నల్లో వస్తుంది సార్."

"కవిటిలో జర్నల్ ఎవరు చదువుతారు?"

కాసేపు ఊరుకుని, "ఏజెన్సీ ఈ హెడ్ కింద డబ్బులివ్వదు సార్" అంది.

"అడిగారా?"

అడగలేదు. అడిగితే ఇచ్చారు. సముదాయంతో సంబంధాల పేరుతో ఆ ఏజెన్సీ దగ్గర అప్పటికే ఒక పద్దు ఉంది, ఎవరూ వాడుకోలేదంతే. తెలుగులో ఒక పేజీ కాగితం, మీ క్రియాటినిన్ ఇంత, మీరు చేయాల్సింది ఇది, ఎక్కడికి వెళ్లాలి, పరిశోధన ఎంతవరకు వచ్చింది. ఊళ్లో ఒక సమావేశం, రోజు కూలి పోయినవారికి ఆ కూలి, బస్సు చార్జీ. ఇదంతా కలిపినా కొరియర్ ఖర్చుకు దగ్గరకు కూడా రాలేదు. రక్తం ఇచ్చినందుకు డబ్బు ఆశ చూపకూడదు, నిజమే. కూలి, చార్జీలు ఇవ్వడం ఆశ చూపడం కాదు. మార్గదర్శకాలూ దాన్ని ఒప్పుకుంటాయి.

పరిశోధకుల పక్షాన కూడా ఒక మాట అనాలి. ఇన్ని మెట్లు ఎక్కేసరికి వాళ్ల ప్రాణాలు పోతాయి. గ్రాంటు రెండు మూడేళ్లకు వస్తుంది, అందులో అనుమతులకే చాలా నెలలు కరిగిపోతాయి, ప్రాజెక్టులో చేరిన కుర్రాళ్లకు జీతం ఆగుతుంది. మా కమిటీలే నెలల తరబడి కూర్చోకపోతే ఆ తప్పు ఎవరిది? పైగా ఇప్పుడు డబ్బిచ్చే దేశాలే తలుపులు మూస్తున్నాయి. తాము గ్రాంటిచ్చిన అమెరికా సంస్థల ద్వారా విదేశీ భాగస్వాములకు వెళ్లే వాటాల పద్ధతిని 2025 మేలో ఎన్ఐహెచ్ ఆపేసి, కొత్త ఏర్పాటు తెస్తామంది. అదే ఏడాది జూన్‌లో, అమెరికన్ల కణాల్ని చైనా వంటి దేశాల ల్యాబులకు పంపే కొత్త ట్రయల్స్ మీద అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ వేటు వేసింది. చైనా తన ప్రజల జన్యు నమూనాల మీద 2019లోనే గట్టి నిబంధనలు తెచ్చుకుంది. తమ జనం రక్తం బయటికి వెళ్తే ఏమవుతుందో పెద్ద దేశాలన్నీ ఆలోచిస్తున్నాయి. మనం ఆలోచిస్తే అభివృద్ధికి అడ్డం అనడం కుదరదు.

అలాగని తలుపు మూయమని నేను అనను. మూస్తే ఉద్దానం జబ్బుకు కారణం దొరకదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. అక్కడ మంచి బయోబ్యాంకు, చేయి తిరిగిన టెక్నీషియన్లు ఉంటే సగం పరీక్షలు అక్కడే అవుతాయి. బయటికి వెళ్లాల్సిన సగం కూడా మన షరతుల మీద వెళ్తుంది. విదేశీ గ్రాంటుల్లో ఇక్కడి ల్యాబుకు యంత్రం కొనడం, ఇక్కడివాళ్లకు శిక్షణ ఇవ్వడం అనే పద్దు ఉందా లేదా అని ఢిల్లీ కమిటీ, మాలాంటి కమిటీలు పట్టుబట్టి అడగాలి. ఎథిక్స్ అంటే సమ్మతి పత్రంలో వాక్యాలు దిద్దడమని మా వాళ్లలో చాలామంది అనుకుంటారు. బడ్జెట్‌లో పద్దు లేని హామీ దేనికీ కొరగాదని నేను ప్రతి మీటింగులో అంటాను. విసుక్కుంటారు, మినిట్స్‌లో రాసుకుంటారు.

మీకో మీవాళ్లకో ఏ ఆసుపత్రిలోనైనా పరిశోధన కోసమని రక్తం అడిగితే భయపడకండి, కాదనకండి కూడా. డబ్బు ఎవరిస్తున్నారు, నా రక్తం ఏ ఊరికి వెళ్తుంది, మిగిలింది ఏం చేస్తారు, ఫలితం నాకు ఎవరు చెబుతారు అని అడగండి. ఒప్పుకోకపోయినా మీ వైద్యం ఆగకూడదు, అది మీ హక్కు. సంతకం పెట్టిన పత్రం కాపీ మీకు ఇవ్వాలి. దాని మీద ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉంటుంది, ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు. కాపీ ఇవ్వనివారికి రక్తం ఇవ్వనక్కర్లేదు.